వెళ్ళి రమ్మన్న మాట

దుకాణం పైగది,
మార్చి 9, ఆదివారం.

చిరంజీవి సౌభాగ్యవతి మరదలికి,

నీ ఆడపడుచు మనసారా దీవించి రాస్తున్నది. నేనిక్కడ కులాసా. నువ్వూ, నా చిట్టి మేనకోడలు ఉడుతా అక్కడ కులాసాగా ఉన్నారనీ, దాని జలుబు తగ్గిందనీ తలుస్తాను. నీ మొగుడు కూడా కులాసాయే. ఈ చివరి వాక్యం రాయడానికి నాకు ఏడాది పట్టింది కాబట్టి దాన్ని ఇంకోసారి చదువుకో.

చేతిలో ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటున్నావు కదూ? ఫోనులో నేను మాట్లాడితే నువ్వు అడ్డుపడతావు, నువ్వు మాట్లాడితే నేను అడ్డుపడతాను, ఇద్దరం ఒక దారికి వచ్చేసరికి ఉడుత లాక్కుని కట్ చేస్తుంది. పైగా మీ ఆయనవి పాము చెవులు. వాణ్ణి అడిగి తెలుసుకుందామా అంటే సగం చెప్పి సగం మింగుతాడు. అందుకని ఆదివారం దుకాణం మూసి, పైగదిలో కిటికీ పక్కన కూర్చుని, నాకు తోచిన వరసలో రాస్తున్నాను. అక్షరాలు చిన్నవైతే అద్దాలు పెట్టుకో. కిందటేడు నేను ఇచ్చిన జోడు నువ్వు పెట్టుకోవడం లేదని నాకు తెలుసు.

ఉడుతను చంకనేసుకుని బడి పక్కనున్న గదికి మారిపోయిన రోజున నువ్వు నాతో ఏమన్నావో గుర్తుందా? తలుపేస్తాడో, నేను తిరిగి రాకుండా ఉండాలో, ఏదో ఒకటి మీ తమ్ముణ్ణి తేల్చుకోమను వదినా, అన్నావు. నిన్ను నేను తప్పు పట్టలేదు. రెండేళ్ళ పిల్ల బార్లా తెరిచిన తలుపులోంచి నడుచుకుంటూ వీధి మధ్యకు పోయి, స్కూటరు ముందు కూలబడి చప్పట్లు కొట్టిందంటే ఏ తల్లీ ఆ ఇంట్లో ఉండదు. బ్రేకులు పడ్డాయి కాబట్టి ఇవాళ దాని జలుబు గురించి అడుగుతున్నాను. వాడూ తండ్రే, వాడి పై ప్రాణాలు పైనే పోయాయి. అయినా ఆ సాయంత్రం తలుపు మళ్ళీ తెరిచే పెట్టాడు. కాకపోతే గడపకు అడ్డంగా కుర్చీ వేశాడట. అదీ మావాడి జాగ్రత్త! ఊళ్ళో లిఫ్టుల తలుపులన్నీ సరిగ్గా మూసుకునేలా చూసి జీతం తీసుకునే మనిషి, సొంత ఇంటి తలుపు మాత్రం మూయలేడు.

డాక్టరుకు చూపించమని నువ్వన్నావు, ముందు గాలి మారుద్దామని నేనన్నాను. నీకు చెప్పలేదు కానీ నాకూ ఆశ కలిగింది. చిన్నప్పటి నుంచీ అక్కాతమ్ముళ్ళం ఇద్దరమే కలిసి ఎక్కడికీ పోలేదు. సముద్రంలో చిన్న లంక, కొబ్బరిచెట్లు, పగడపు దిబ్బలు, పలచటి జనం. నాలుగు రోజులు ఉప్పునీళ్ళలో నానితే ఏ మనిషైనా మెత్తబడతాడనుకున్నాను.

లాంచీలోనే మొదలైంది. జనం కిక్కిరిసి ఉంటే వీడు నా పక్కన కూర్చుని, అటుపక్క చోటు మీద చేతిరుమాలు పరిచాడు. టికెట్లు చూసే అతను వచ్చి, ఇక్కడెవరైనా ఉన్నారా అని అడిగాడు. వీడు తల కూడా ఎత్తకుండా, వస్తారండీ అన్నాడు. లాంచీ అప్పటికే రేవు వదిలి చాలాసేపయింది. చుట్టూ నీళ్ళు. టికెట్లతను నీళ్ళవంక చూశాడు, నావంక చూశాడు, ఏమనుకున్నాడో ఏమో ముందుకు పోయాడు. నేను వీడి కాలు గట్టిగా తొక్కాను. వీడు రుమాలు తియ్యలేదు.

ఇక కాటేజీ సంగతి విను. చెక్క గది, ముందు వరండా, రెండడుగులు వేస్తే ఇసుక. చూడగానే ప్రాణం లేచొచ్చింది. తీరా చూస్తే తలుపుకు గడియే లేదు! లోపలా లేదు, బయటా లేదు. ఆ కాటేజీలు నడిపే ఆవిడ నవ్వుల మనిషి. ఉప్పుగాలికి ఇనుము నిలవదమ్మా, రాయి అడ్డం పెట్టుకోండి చాలు, ఇక్కడ ఎవరి సొమ్మూ ఎవరూ ముట్టుకోరు, అని భరోసా ఇచ్చింది. తలుపు జబ్బు తగ్గించడానికి తీసుకొచ్చి వాణ్ణి గడియలేని గదిలో దింపానన్నమాట. నేను నెత్తి కొట్టుకుంటుంటే మీ ఆయన చాలా రోజుల తరువాత పళ్ళు కనిపించేలా నవ్వాడు.

మర్నాడు పొద్దున నా చెప్పులు తిప్పి ఉన్నాయి. మీ అత్తగారి పద్ధతి నీకు తెలియంది కాదు. గుమ్మంలో ఎవరు చెప్పులు విడిచినా వెనకే వెళ్ళి, జత కలిపి, ముందు భాగం ఇంటివైపు ఉండేలా పెట్టేది. సరిగ్గా అలాగే ఉన్నాయి. వాడివి ఎలా విసిరేశాడో అలాగే పడి ఉన్నాయి. ఇదేం వేళాకోళంరా అని కోప్పడితే వాడు నోరు వెళ్ళబెట్టాడు. నాకు నువ్వే అమ్మలా సర్దుకున్నావేమో అనిపించిందక్కా, అన్నాడు. కాటేజీ ఆవిణ్ణి అడిగితే, మీ చెప్పులు నేనెందుకు ముట్టుకుంటానమ్మా అని నొచ్చుకుంది. గాలికి దొర్లి ఉంటాయని తేల్చేశాను. కళ్ళు పరీక్షించే వృత్తిలో ఉన్నదాన్ని, చూపు చేసే మోసాలు నాకు తెలుసు. బోర్డు మీద కింది వరస అక్షరాలు కనపడకపోయినా ఉందనుకుని చదివేసేవాళ్ళు రోజూ నా ముందు కూర్చుంటారు.

ఆ మధ్యాహ్నం ఆవిడ కాఫీ మూడు గ్లాసుల్లో తెచ్చింది. ఇద్దరమే కదా అన్నాను. ఇంకొకరు వస్తారని తమ్ముడుగారు చెప్పారు కదమ్మా, అంది. వాడివైపు చూస్తే వాడు సముద్రంవైపు చూస్తున్నాడు. ఆవిడ ముందు పరువు పోవడం ఎందుకని ఊరుకున్నాను. కాసేపటికి ఇద్దరం ఒడ్డున నాలుగు గవ్వలు ఏరుకుని వచ్చేసరికి మూడో గ్లాసు కడిగి, వరండా గట్టు మీద బోర్లించి ఉంది. మిగతా రెండూ ఎంగిలివి, చీమలు పట్టి, ఎక్కడివక్కడే. తాగిన గ్లాసు తాగినట్టు వదిలేస్తే అమ్మ ఊరుకునేది కాదు కదా. వాడు మాత్రం ఆ బోర్లించిన గ్లాసు చూసి, హమ్మయ్య తాగింది, అన్నాడు. బస్సులో వచ్చినవాళ్ళ గురించి మాట్లాడినంత మామూలుగా అన్నాడు.

అప్పుడు నాకు భయం వేసింది మరదలా. దయ్యానికి కాదు. వీడు ఇక నీకూ ఉడుతకూ దక్కడేమోనని.

మరునాడు పోటు తగ్గాక పగడపు దిబ్బ దాకా నడిచి వెళ్ళాం. మోకాలి లోతు నీళ్ళు, అడుగున ఇసుక గింజలు లెక్కపెట్టుకునేంత తేట. చిన్న చిన్న చేపలు కాళ్ళ చుట్టూ చేరి గిల్లుతుంటే నేను చిన్నపిల్లలా కేకలు వేస్తున్నాను. వీడు ముందు నడుస్తున్నవాడల్లా ఆగి, ఎవరో పిలిచినట్టు ఒడ్డువైపు తిరిగాడు. ఏమిట్రా అన్నాను. నువ్వు వినలేదా అక్కా, అని అడిగాడు. అలల చప్పుడు తప్ప నాకేమీ వినిపించలేదన్నాను. వాడు నా ముఖంలోకి చాలాసేపు చూశాడు. అక్కడే, ఆ నీళ్ళలో నిలబడే, ఏడాదిగా మింగిన సగం కక్కాడు.

ఆపరేషను రోజు నేను కింద రక్తం కోసం తిరుగుతున్నాను, నువ్వు ఇంట్లో పసిదానితో ఉన్నావు. అమ్మను చక్రాల మంచం మీద లోపలికి తోసుకెళ్ళేటప్పుడు పక్కనున్నది వీడొక్కడే. అమ్మ వీడి చెయ్యి పట్టుకుని, వెళ్ళొస్తా నాన్నా, తలుపు వేసుకోకండి, మిమ్మల్ని నిద్ర లేపి తలుపు తీయించడం నాకిష్టం ఉండదు, అందట. మత్తుమందు మొదలై ఉంటుంది, ఇంటి నుంచి పక్కవీధికి పోతున్నాననుకుని ఉంటుంది. వీడు, వెళ్ళి రా అమ్మా, అన్నాడు. ఆ తరువాత జరిగింది నీకు తెలుసు.

ఇందులో ఏముందని ఇంకొకరైతే అడుగుతారు. నువ్వు అడగవు. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకరోజు బడికి బయల్దేరుతూ, నేను వెళ్తున్నా అత్తయ్యా, అన్నావు. గేటు దాటినదానివి దాటినట్టే వెనక్కి రప్పించి, కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి, వెళ్ళొస్తా అని నీచేత అనిపించాకే వదిలింది. నీకు మొదటి పీరియడు పోయింది, హెడ్‌మాస్టరుతో చీవాట్లు తిన్నావు, ఆ రాత్రి మీ ఆయన దగ్గర ఏడ్చావు కూడా. మేము పుట్టిన దగ్గర్నుంచీ పడ్డాం. వెళ్తున్నా అనకూడదు, పోతున్నా అని అసలే అనకూడదు. నన్ను పెద్దరికం అని పిలిచేది కదా, చిన్నప్పుడు ఒకసారి అలిగి, నేను పోతున్నా అని గుమ్మం దిగాను. పెద్దరికం గారూ, పోయేవాళ్ళు తిరిగి రారు, వచ్చేవాళ్ళే వెళ్ళాలి, అని చెవి పట్టుకుని లోపలికి లాక్కొచ్చింది.

అది మాట వరసకు అనేది రా, సందు చివరి కొట్టుకు పోతూ కూడా అందరూ అంటారు, అని నేను వాదించాను. వాడు ఎదురు ప్రశ్న వేశాడు. మాట వరసకు అంటే అమ్మ ఒప్పుకునేదా అక్కా, అన్నాడు. నేను వెళ్ళి రమ్మన్నాను. వెళ్ళింది. రమ్మన్నాను కాబట్టి వస్తోంది. వచ్చేసరికి తలుపు మూసి ఉంటే ఎలా, అన్నాడు. లిఫ్టులో మనిషి అడ్డం ఉంటే తలుపు మూసుకోదక్కా, మూసుకోకూడదు కూడా, అలా కట్టేదే మేము, అన్నాడు. చేపలు కాళ్ళను గిల్లుతూనే ఉన్నాయి. నాకు నవ్వొచ్చి ఏడుపొచ్చింది. నీళ్ళలో నిలబడి ముక్కు చీదుకుని, నాకు తోచిన మందు చెప్పాను. మాటతో పిలిచినదాన్ని మాటతోనే పంపు. వెళ్ళు అని ఒక్కసారి అను. రా అని అనకు. అంతే.

అమ్మో, ఎంత కోపం వచ్చిందనుకున్నావు! కన్నతల్లిని పట్టుకుని వెళ్ళు అంటారా ఎవరైనా, గుమ్మంలో నిలబడ్డ వీధి మనిషిని తరిమినట్టు, అని నామీద విరుచుకుపడ్డాడు. ఆ రోజంతా మాట్లాడలేదు. వేయించిన చేప ముందు పెట్టినా కెలికి వదిలేశాడు. నా పెద్దరికమంతా వాడి మౌనం ముందు చాల్లేదు. చివరికి ఒకటే అన్నాను. ఆ తలుపులోంచి అమ్మ ఎన్నిసార్లు లోపలికి వచ్చిందో నాకు తెలియదురా, నీ కూతురు మాత్రం బయటికి పోయింది, అన్నాను. వాడు వరండా మెట్టు మీద కూర్చుని, మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చాడు. అమ్మ పోయిన రోజున కూడా వాడు అలా ఏడవలేదు. నేను పక్కన కూర్చున్నాను, వీపు మీద చెయ్యి వేశాను, ఏమీ అనలేదు. నేను ఏమీ అనకుండా ఉండగలనని నువ్వు నమ్మవు కానీ, ఉన్నాను.

తిరుగు ప్రయాణం రోజు పొద్దున్నే రేవుకు వచ్చాం. లాంచీ సిద్ధంగా ఉంది. వాడు రేవు చివరిదాకా నడిచి, చెప్పులు విడిచి, సముద్రానికి ఎదురుగా నిలబడ్డాడు. రెండుసార్లు నోరు తెరిచి మూశాడు. మూడోసారి గట్టిగా, అమ్మా, ఇక నువ్వు వెళ్ళు, అన్నాడు. లాంచీ నడిపే సరంగుకు చివరి ముక్క మాత్రం వినపడింది. పాపం ముసలాయన, మిమ్మల్ని ఎక్కించుకోకుండా నేనెలా వెళ్తానండీ, అయినా ఆ నువ్వు ఏమిటి, మర్యాదగా మాట్లాడండి, అని చిందులు తొక్కాడు. మీ ఆయన చేతులు జోడించి క్షమాపణ చెప్పాడు. చెబుతూ చెబుతూ నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. ఆ సరంగు ఇంకా మండిపడుతూనే ఉన్నాడు.

లాంచీలో వాడు నోరు తెరుచుకుని, గురక పెట్టి, నా భుజం తడిపి మరీ నిద్రపోయాడు. ఇక్కడికి వచ్చాక రాత్రి పడుకునే ముందు లేచి వెళ్ళి నా ఇంటి తలుపు తనే మూశాడు. గడియ పెట్టాడు. ఒకసారి లాగి చూశాడు. నేను చూడనట్టే దుప్పటి సర్దుకున్నాను.

కాబట్టి, ఇక నా మాట విను. బుధవారం సాయంత్రానికి వాడు ఇల్లు చేరతాడు. నువ్వు ఈ ఉత్తరం అందగానే ఉడుతతో వెళ్ళి ఇల్లు ఊడ్చి ఉంచు. వాడు తలుపు వేసినప్పుడు మెచ్చుకోకు, గడియ చప్పుడు విని ఏడవకు. మామూలుగా అన్నం వడ్డించు. ఏం జరిగిందని గుచ్చి గుచ్చి అడగకు. వాడంతట వాడే చెబితే మొదటిసారి వింటున్నట్టు విను. కొత్తలో ఒకటి రెండుసార్లు లేచి తలుపు దగ్గరికి వెళ్తాడేమో, వెళ్ళనీ, గడియ తాకి తిరిగి వస్తాడు. నువ్వు ఏడాదిపాటు ఓర్చుకున్నావు. నీ స్థానంలో నేనుంటే నెలలోపే పళ్ళెం విసిరేదాన్ని. ఈ మాట నీ ముందు చెప్పాలంటే నాకు నోరు రాదు, అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ఉడుత పుట్టినరోజుకు రమ్మన్నావు. రాలేనమ్మా. అద్దాలు అరగదీసే మిషను పాడై మరమ్మతుకు వెళ్ళింది, బడిపిల్లల కళ్ళజోళ్ళు బోలెడు ఆగిపోయి ఉన్నాయి. ఆ పండక్కీ ఈ పేరంటానికీ రమ్మని మళ్ళీ మళ్ళీ పిలిచి నన్ను ఇబ్బంది పెట్టకు. ఇప్పట్లో నాకు కుదరదు. మీరు కూడా శ్రమపడి ఇంతదూరం రావద్దు. దానికి ఎర్ర ఫ్రేముతో ఉత్తుత్తి కళ్ళజోడు ఒకటి మీ ఆయన చేతికిచ్చి పంపుతున్నాను. పెట్టుకుంటే ఫోటో తీసి పంపు, దుకాణంలో గోడకు అంటిస్తాను.

ముగ్గురూ ఒక గడప లోపల చల్లగా ఉండాలని కోరుకుంటూ,

నీ వదిన.

తా.క.: కవరు అంటించి, మళ్ళీ చింపాను. నీకు అబద్ధం చెబితే నాకు అన్నం సహించదు.

మిషను బాగానే ఉంది. పగడపు దిబ్బ దగ్గర ఏమీ వినిపించలేదని వాడితో అన్నదీ అబద్ధమే. వినిపించింది. పెద్దరికం గారూ, ఎండలో ఏమిటా కేకలు, అని. పిలిచింది వాణ్ణి కాదు, నన్ను. ఏడాదయింది మరదలా, నన్ను ఆ పేరుతో పిలిచి. దుకాణంలో నేను మేడమ్‌ని, మీ అందరికీ వదినను, అక్కను, అత్తను. నన్ను వెక్కిరించే మనిషి ఈ భూమి మీద మిగల్లేదనుకున్నాను.

రేవు మీద వాడు అమ్మను వెళ్ళు అన్నప్పుడు నేను సంచులు పట్టుకుని వాడి వెనకే ఉన్నాను. వాడు సరిగ్గా చెప్పినచోటే ఆగాడు. మిగిలిన ముక్క నేను అన్నాను. రా, అన్నాను. మెల్లగానే అన్నాను, సరంగు అరుపుల్లో వాడికి వినపడలేదు. అలవాటుకొద్దీ వచ్చిందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను కానీ కాదు, తెలిసే అన్నాను.

అందుకే మీ ఇంటికి రాను. వస్తే ఒక్కదాన్నే రాను. వాడికి ఎప్పటికీ చెప్పకు. నువ్వు నిశ్చింతగా గడియ పెట్టుకో. నేను మాత్రం ఇక్కడ, వాడు పెట్టిన గడియ వాడు నిద్రపోయాక రోజూ లేచి తీసేస్తున్నాను.